పదకొండు ఫిరంగుల బండి

1991 ఆగస్టు 17, శనివారం, మధ్యాహ్నం మూడు గంటల ఇరవై నిమిషాలు. నల్లగొండ మీద మబ్బు పట్టి ఉంది. వాన లేదు, గాలి లేదు. ఆ నిమిషాన, క్లాక్ టవర్‌కు రెండు సందుల అవతల ఒక మేడ మీది గదిలో, ఆకుపచ్చ గీతల కంప్యూటర్ తెర మీద, నేను ఆరు రోజులు లెక్కలు కట్టి తయారుచేసిన యుద్ధ ట్యాంకు మొదటి గుట్ట మలుపులో ఎడమ పక్కకు ఒరిగి బోల్తా పడింది. దాని మీద పదకొండు ఫిరంగులున్నాయి. ఒక్కటీ పేలలేదు.

ఈ వివరాలు జ్ఞాపకం మీద ఆధారపడి రాస్తున్నవి కావు. నీటిపారుదల శాఖలో ముప్పై రెండేళ్ళ ఏడు నెలలు కాలువల మట్టిపనికి కొలతల పుస్తకాలు రాసినవాణ్ణి. కొట్టివేత ఉన్నచోట పక్కన సంతకం లేకపోతే ఆ అంకెను అంకెగా ఒప్పుకోని అలవాటు నాది. జ్ఞాపకానికి కొట్టివేతలు ఎక్కువ, సంతకాలు ఉండవు. పోయిన నెల నుస్రత్ మా ఇంటికి వచ్చింది. వాళ్ళ నాన్న ఖాసిం చిచ్చా పోయిన నలభయ్యో రోజు దాటాక ఆయన ఇనుప పెట్టె తెరిస్తే పనిముట్ల అడుగున నా గ్రాఫు పుస్తకం దొరికిందట. "నీ ట్యాంకు ఇన్నేండ్లు మా అబ్బా పెట్టెల పండుకున్నది రాజన్నా" అంటూ నా చేతిలో పెట్టింది. అరవై నాలుగు పేజీల పుస్తకం. నలభై ఒక్క పేజీలలో నా దస్తూరి ఉంది. ప్రతి పేజీ పైన కుడి మూల తారీఖు, గంట, వాతావరణం రాసి ఉన్నాయి. ఆ ధైర్యంతోనే ఇది మొదలుపెట్టాను.

మా షెడ్డు చిట్యాలలో, హైదరాబాదు నుంచి విజయవాడ పోయే రోడ్డుకు దక్షిణాన ఉండేది. లారీలకు బాడీలు కట్టడం మా పని. కంపెనీ నుంచి వచ్చేది ఇంజను, చక్రాలు, ఒట్టి ఇనుప చట్రం. దాని మీద డ్రైవరు కూర్చునే గది, సరుకు పోసే పెట్టె ఇక్కడ కట్టేవాళ్ళు. కట్టె పని మా బాపుది, ఇనుప పని ఖాసిం చిచ్చాది. ఇద్దరూ అప్పటికి ఇరవై రెండేళ్ళుగా ఒకే రేకుల కింద పనిచేస్తున్నారు. బాపును ఊరంతా చారి అనేది, చిచ్చా మాత్రం కోపమొచ్చినప్పుడు 'ఆచారిగారూ' అనేవాడు. డిప్లొమా చదివి కొలువు కోసం ఎదురుచూస్తున్న నాకు అప్పుడు ఇరవై ఆరేళ్ళు. షెడ్డులో కొలతలు రాయడం, సామాను లెక్క చూడడం నా వంతు. నుస్రత్ చిచ్చా రెండో కూతురు. నల్లగొండలో కొత్తగా తెరిచిన కంప్యూటర్ శిక్షణ కేంద్రంలో పాఠం చెప్పేది; పొద్దున బస్సులో పోయి సాయంత్రం బస్సులో వచ్చేది.

మా ఇంటిని గురించి తలచుకుంటే నాకు మొదట వచ్చేది పొగ వాసన. మా అవ్వ, అంటే బాపు తల్లి, షెడ్డులో రాలిన రంపపు పొట్టును, చిత్రిక పట్టిన చుట్టలను గంపకెత్తి తెచ్చి వాటితోనే పొయ్యి వెలిగించేది. టేకు పొట్టు పొగ కొంచెం తియ్యగా ఉండి అన్నానికి నూనె రాసినట్టు ఒక వాసన పట్టేది. మద్ది పొట్టు పొగ కళ్ళను మండించేది. వేప పొట్టు కాలిన రోజు జొన్న రొట్టె అంచున చేదు తగిలేది. అవ్వ షెడ్డు వైపు తొంగిచూడకుండానే, పొయ్యి ముందు కూర్చుని, "ఇయ్యాల మద్ది మీద పడ్డరు" అని చెప్పేది. నేను పరీక్షించి చూశాను; ముప్పై రోజులలో ఇరవై తొమ్మిది రోజులు ఆమె చెప్పింది సరిపోయింది. సరిపోని ఒక్క రోజు రెండు రకాల కట్టె కలిసింది.

బాపు టేపు వాడడు. జనపనార తాడుకు జానకొక ముడి వేసి పెట్టుకున్నాడు. దానితోనే పద్దెనిమిది అడుగుల అడ్డబద్దెలైనా కోసేవాడు. నేను ఒకసారి ఆయన తాడు కొలతలు ఇరవై మూడింటిని ఉక్కు టేపుతో సరిచూశాను. ఎక్కువలో ఎక్కువ తేడా పావు అంగుళం. అయినా ప్రతి కొలతా మళ్ళీ టేపుతో తీసుకునేవాణ్ణి. బాపు చెవి మీది పెన్సిలు తీసి, బీడీ కట్ట కోసం జేబు తడుముకుంటూ, "తాడు నా చెయ్యి చూసింది. నీ టేపు ఎవ్వని చెయ్యి చూసింది బిడ్డా?" అనేవాడు. టేపు ఎవరి చేయీ చూడకపోవడమే దాని గుణమని నా నమ్మకం.

కట్టిన ప్రతి బాడీకీ మా షెడ్డులో ఒక పరీక్ష ఉండేది. షెడ్డు వెనక రాళ్ళ కుప్ప ఒకటి, ఇరవై రెండేళ్ళుగా అదే కుప్ప. నాలుగు వందల పన్నెండు రాళ్ళు. లారీలను తూచే ధర్మకాంట మీద తూయిస్తే అంతా కలిపి ఎనిమిది టన్నులకు నలభై కిలోలు తక్కువ. కొత్త బాడీ తయారు కాగానే కూలీలు ఆ రాళ్ళన్నీ ఎక్కించేవాళ్ళు. బండిని ఏడు మైళ్ళ గుంతల బాట మీద తోలి తెచ్చేవాళ్ళు. చిచ్చా వెనకాల సైకిల్ మీద పోతూ చెవి ఒగ్గి వినేవాడు. ఎక్కడైనా కిర్రుమంటే ఆ మేకు, ఆ బద్దె విప్పి మళ్ళీ బిగించాల్సిందే. "ఒట్టి బండి అబద్ధమాడుతది చారీ, బరువు పడ్డంకనే నిజం చెప్తది" అనేవాడు. రాళ్ళ పరీక్ష కాని బాడీ మా షెడ్డు గడప దాటలేదు. రోడ్డు మీద మా పేరు నిలిచింది ఆ కుప్ప వల్లనే.

జూలై 22, సోమవారం, ఉదయం ఆరున్నరకు, భువనగిరి దారిలో ఒక కల్వర్టు మలుపు దగ్గర మేము కట్టిన లారీ ఒకటి వరిగడ్డి లోడుతో పక్కకు బోల్తా పడింది. బండి సత్తిరెడ్డిది. తూర్పు ఊళ్ళ నుంచి హైదరాబాదు బర్రెల కొట్టాలకు గడ్డి వేసేవాడు. డ్రైవరు ఎల్లయ్యకు భుజం ఎముక, మా వైపు మాటలో బొక్క, రెండు పక్కటెముకలతో పాటు విరిగింది. ప్రాణం దక్కింది. పది రోజులు తిరక్కముందే సత్తిరెడ్డి రోడ్డు పొడుగునా ఒకే మాట చెప్పసాగాడు: చారి కట్టిన బాడీ ఒక పక్కకు వంగింది, అందుకే బండి పడింది. లారీల యజమానుల పెద్దలు సెప్టెంబరు 8, ఆదివారం నాడు కూర్చుని తేల్చుదామన్నారు. అప్పటిదాకా ఎవరూ మా దగ్గరికి బండి తేలేదు. షెడ్డులో ఉన్న రెండు చట్రాలను కూడా యజమానులు తోలుకుపోయారు. ఆ రోజున పెద్దలు తప్పు బాడీది అంటే, ఆ రోడ్డు మీద మా ముందు ఇంకో లారీ ఆగదు. దానికి లెక్క అక్కర్లేదు.

బాపు పొద్దున్నే లేచి ఉలులన్నీ సానపట్టేవాడు. పద్నాలుగు ఉలులు. వరసగా గోనె మీద పరిచేవాడు, కొంతసేపు చూసేవాడు, మళ్ళీ గుడ్డలో చుట్టి పెట్టేవాడు. అమావాస్యనాడు తప్ప పనిముట్టు దించని మనిషి. పొట్టు లేక అవ్వ కందికట్టెతో వంట మొదలుపెట్టింది. కందికట్టె పొగకు వాసన లేదు. బాపు ఆ అన్నం ముందు కూర్చుని, "గీ అన్నం ఎవలింట్ల అన్నమే అవ్వా?" అన్నాడు ఒకనాడు. అవ్వ, "తిను కొడుకా, పొట్టకు తెల్వదు" అంది.

ప్రతి శనివారం బాపు సద్ది డబ్బా కట్టించి నాతో నల్లగొండ దవాఖానకు పంపేవాడు, ఎల్లయ్య కోసం. సత్తిరెడ్డి మనిషికి మనం అన్నం పంపడమేంటని అడిగితే, "బండి ఆయనది, బొక్క ఎల్లయ్యది" అన్నాడు. డబ్బా ఇచ్చి, నుస్రత్‌తో కలిసి సాయంత్రం బస్సుకు రావడానికి ఆమె కేంద్రానికి పోయి కూర్చునేవాణ్ణి. శనివారం మూడింటికి పాఠాలు అయిపోతాయి. ఆ మధ్య హైదరాబాదు నుంచి వచ్చిన విద్యార్థి ఒకడు ఒక ఫ్లాపీ వదిలిపెట్టి పోయాడు. దాని మీద పేరు లేదు. అందులో బండ్లు తయారుచేసే ఆట ఉంది. గళ్ళ పలక మీద ఒక్కొక్క భాగం పేర్చి యుద్ధ ట్యాంకు కట్టుకోవాలి. ప్రతి భాగానికీ బరువు ఉంది. మొత్తం అరవై టన్నులు దాటకూడదు. కట్టాక దాన్ని గుట్టల మైదానంలోకి వదిలితే కంప్యూటర్ వైపు నుంచి శత్రువుల బండ్లు ఎదురొస్తాయి.

ఇది ఒప్పుకోవాలి: ఇంట్లో బాపు ఉలులు చుట్టి పెడుతున్న రోజుల్లో నేను గ్రాఫు పుస్తకంలో ట్యాంకు గీస్తున్నాను. అంకెలు సరిపోతే ఏదైనా సరిపోతుందని ఎక్కడో ఒకచోట చూడాలనిపించింది; షెడ్డులో చూడలేకపోయాను. వారమంతా చిట్యాలలో కాగితం మీద కట్టేవాణ్ణి, శనివారం నల్లగొండలో తెర మీద పేర్చేవాణ్ణి. ఆరో పేజీలో లెక్క ఇలా ఉంది. అడుగు చట్రం పన్నెండు టన్నులు, ఇంజను పదకొండు, చక్రాల పట్టాలు ఎనిమిదిన్నర. పెద్ద ఫిరంగులు మూడు, ఒక్కొక్కటి రెండున్నర. చిన్నవి ఎనిమిది, ఒక్కొక్కటి ఒక టన్ను. గుండ్లు నాలుగు టన్నులు, ఉక్కు కవచం ఏడున్నర. కూడితే యాభై ఎనిమిదిన్నర. ఒకటిన్నర టన్ను మిగిలింది. ఇంకో ఫిరంగి పెట్టే చోటు లేక దాన్ని వదిలేశాను, మనసొప్పక.

నుస్రత్ తెర వైపు వంగి చూసింది. "రాజన్నా, గిది ట్యాంకా, ముళ్ళపందా?"

"అరవైకి లోపలనే ఉంది."

"ముళ్ళపంది గూడ అరవైకి లోపలనే ఉంటది."

ఆటలో ఒక పరీక్ష మీట ఉంది. అది నొక్కితే మన బండిని కంప్యూటర్ ఒక బాట మీద తోలి చూపిస్తుంది. నా ట్యాంకు ఆ పరీక్షలో కిక్కురుమనకుండా నెగ్గింది. గుట్టల మైదానంలోకి వదిలాను. మొదటి మలుపులోనే పడింది. ఆ రోజు నాలుగుసార్లు వదిలాను, నాలుగుసార్లు పడింది. యంత్రంలోనే ఏదో తప్పుందన్నాను. నుస్రత్ మంచినీళ్ళ సీసా మూత బిగిస్తూ, "ఔ, తప్పు యంత్రానిదే. మనోళ్ళది ఎప్పుడు గాదు గదా" అంది. ఆ మాట నాకు గుచ్చుకుంది. మా షెడ్డులో కూడా ఇరవై ఆరు రోజులుగా అదే మాట నడుస్తోంది: తప్పు మలుపుది, తప్పు డ్రైవరుది, తప్పు గడ్డిది.

24వ తారీఖున అయిదుసార్లు ప్రయత్నించాను. ఇంజను బలం పెంచాను, పట్టాలు వెడల్పు చేశాను, ఫిరంగులను కుడి ఎడమలకు సరిసమానంగా పంచాను. ప్రతిసారీ పరీక్ష బాటలో నెగ్గింది, ప్రతిసారీ గుట్ట మలుపులో పడింది. పుస్తకంలో తొమ్మిది గీతలు పక్కపక్కన ఉన్నాయి, తొమ్మిదీ 'బోల్తా' అన్న ఒకే మాటతో.

ఆగస్టు 31, సన్నటి తుంపర. నుస్రత్ ఆ రోజు ఆట లోపల ఉన్న సూచనల పేజీలు తెరిచి నెమ్మదిగా చదువుతూ కూర్చుంది. నేను ఆ పేజీలలో పట్టికలు మాత్రమే చూశాను. అంకెలున్న చోట మాటలు చదవడం నాకు వృథా అనిపించేది. ఆమె ఒకచోట వేలు పెట్టి ఆగింది. "ఇట్ల రా. పరీక్ష మీట నొక్కితే ఏం జేస్తదో రాసిండు. ఫిరంగులు, గుండ్లు, కవచం అన్నీ దించి అడుగు చట్రం మీద బరువుగ పరిచి తోలుతదట. ఇంజను, పట్టాలు ఆ బరువు మోస్తయా లేదా చూసుడే. గంతే. ఎత్తు సంగతి పరీక్షల లేదు."

నేను మళ్ళీ చదివించుకున్నాను. ఆమె మళ్ళీ చదివింది. తరువాత కుర్చీలో వెనక్కి వాలింది.

"ఏంది?" అన్నాను.

"మా అబ్బా రాళ్ళెక్కిచ్చినట్టే ఉంది రాజన్నా."

ఆ మాట తరువాత పుస్తకంలో ఆ పేజీ సగం ఖాళీగా ఉంది. అడుగున మాత్రం పెన్సిలుతో ఒక లెక్క మొదలైంది, ట్యాంకుది కాదు, లారీది. బండి బరువంతా ఒకచోట పోగైనట్టు ఊహించుకునే బిందువును గరిమనాభి అంటారు. అది నేలకు ఎంత ఎత్తున ఉంటే బండి మలుపులో అంత తేలికగా ఒరుగుతుంది. ఒట్టి లారీ అయిదున్నర టన్నులు, దాని గరిమనాభి మూడు అడుగుల ఎత్తున. సరుకు పెట్టె అడుగు నేల నుంచి నాలుగు అడుగులు. ఎనిమిది టన్నుల రాళ్ళు పరిస్తే అడుగున్నర మందానికి మించదు. అంతా కలిపి గరిమనాభి నాలుగు అడుగుల అర అంగుళం. గడ్డి నాలుగు టన్నులే, రాళ్ళలో సగం. కాని సత్తిరెడ్డి అడిగితే బాపు పక్క పలకలను మూడడుగులు ఎత్తు పెంచి కట్టాడు. వాటి దన్ను చూసుకుని గడ్డిని పెట్టె అడుగు నుంచి పది అడుగుల ఎత్తు దాకా పేర్చేవాళ్ళు. ఆ లెక్కన గరిమనాభి అయిదు అడుగుల ఆరు అంగుళాలు. బరువు తగ్గింది, ఎత్తు దాదాపు అడుగున్నర పెరిగింది. ఇరవై రెండేళ్ళుగా మేము చేసిన పరీక్ష బాడీ బలాన్ని చూసింది. బండి నిలబడుతుందా అని ఒక్కసారి కూడా చూడలేదు.

మరునాడు, ఆదివారం ఉదయం, షెడ్డులో బాపుకు, చిచ్చాకు ఆ పేజీ చదివి వినిపించాను. చిచ్చా బీడీ ఆర్పకుండానే కిందపడేశాడు.

"ఇరవై రెండేండ్ల రాళ్ళు తప్పు, టీవీల ఆడుకునే బొమ్మ ఒప్పా? ఏమయ్యా ఆచారిగారూ, నీ కొడుకు మనకు పని నేర్పుతాండు."

"అబ్బా, జర ఆగు" అని నుస్రత్ గుమ్మంలో నుంచే అంది.

"నువ్వు ఆగు. కొలువు చెయ్యిమంటే ఆట ఆడుకుంట కూసున్నవా?"

బాపు లేచి, టేకు ముక్కలు నాలుగు ఏరి, తాడుతో కొలవకుండానే, మూరెడు పొడవు చిన్న బండి ఒకటి చేశాడు. నలభై అయిదు నిమిషాలు పట్టింది. నెల రోజుల తరువాత ఆయన చేతిలో ఉలి ఆడడం చూసి అవ్వ గంప పట్టుకుని వచ్చి పక్కన నిలబడింది. బండి అయిపోగానే అందులో గుప్పెడు కంకర పోసి, ఒక పలక మీద పెట్టి, పలక ఒక అంచును మెల్లగా లేపాడు. బాగా లేచాక గాని బండి పడలేదు. కంకర తీసేసి, పెట్టె మీద మూరెడెత్తు గడ్డి కట్ట నిలబెట్టి కట్టి, మళ్ళీ లేపాడు. బెత్తెడు లేచేసరికి పడిపోయింది. మళ్ళీ చేశాడు. మళ్ళీ పడింది. మూడోసారి పలకను చిచ్చా చేతికిచ్చాడు.

చిచ్చా చేతిలోనూ పడింది. ఆయన పలకను కింద పెట్టి ఆ చిన్న బండిని చాలాసేపు తిప్పి తిప్పి చూశాడు.

"రాయి పండుకుంటది ఖాసిం" అన్నాడు బాపు. "గడ్డి నిలబడ్తది. మనం పండుకున్నదాన్నే చూసినం."

ఆ వారమంతా నేను పెద్దల ముందు చదవవలసిన కాగితం తయారుచేశాను. ముప్పై మూడో పేజీలోని చిత్తుప్రతిలో తొమ్మిది వాక్యాలున్నాయి. శుభ్రంగా రాసినదానిలో ఏడు. తీసేసిన రెండు వాక్యాలు రాళ్ళ పరీక్షను గురించినవి; అది ఎత్తును పట్టుకోలేదనీ, పట్టుకోలేదని మాకు తెలియలేదనీ. ఆ రెండూ లేకుండా చూస్తే లెక్క చక్కగా సత్తిరెడ్డి దగ్గరికి పోతుంది: ఎత్తు అడిగినది ఆయన, ఎత్తున నింపించినది ఆయన. ఏడు వాక్యాలూ నిజాలే. ఆ కొట్టివేతల పక్కన నా సంతకం లేదు.

సెప్టెంబరు 7న నల్లగొండలో ట్యాంకును చివరిసారి కట్టాను. పై వరసలోని ఆరు చిన్న ఫిరంగులు తీసేశాను, మిగతావాటిని చట్రానికి ఆనించి కిందికి దించాను. అయిదు ఫిరంగులతో అది మూడు గుట్టల మలుపులు తిరిగింది. అయిదు యుద్ధాలలో మూడు గెలిచింది, రెండు ఓడింది. ఓడినప్పుడు కూడా నాలుగు చక్రాల మీద నిలబడే ఓడిందని నుస్రత్ అంటే, ట్యాంకుకు చక్రాలు కాదు పట్టాలుంటాయని సవరించాను. "నీకు గెలిచిన సంబురం గూడ లెక్కల రాసుకుంటే తప్ప రాదు" అంది.

మరునాడు ఉదయం పదకొండు గంటలకు, రోడ్డు పక్క చాయ్ హోటలు వెనక వేసిన బెంచీల మీద, పెద్దలు అయిదుగురు కూర్చున్నారు. చుట్టూ డ్రైవర్లు, యజమానులు కలిపి ముప్పై నాలుగు మంది. ఎండ కాస్తోంది, నేల ఇంకా తడిగా ఉంది. భుజానికి పట్టీతో ఎల్లయ్య కూడా వచ్చాడు. వాళ్ళలో పెద్దాయన, "చారీ, నీ ముచ్చట చెప్పు" అన్నాడు. "మా పిల్లగాడు కాయితం రాసిండు, సదువుతడు" అన్నాడు బాపు.

చదివాను. గరిమనాభి అన్న చోట ఎవరికీ అర్థం కాక ఆగి, చేతులతో చూపించి చెప్పాను. ఏడో వాక్యం అయ్యాక సత్తిరెడ్డి లేచాడు.

"ఎత్తు పెట్టమన్న, నిజమే. బోల్తా కొట్టేటట్టు పెట్టమన్ననా? పైజామ పొడుగు కుట్టమంటె కాళ్ళకు తట్టుకునేటట్టు కుడ్తరా ఎవలన్న?"

బెంచీల మీద నవ్వులు లేచాయి. నేను మళ్ళీ అంకెలు చెప్పబోతుంటే బాపు నా చేతిలోని కాగితం వైపు చూశాడు. ఆయనకు చదువు రాదు. చదివిందంతా విని, లేనిదేదో పట్టుకోవడం వచ్చు.

"రాజూ, కాయితంల రాళ్ళ ముచ్చట లేదేంది?"

నేను కాగితం మడిచాను. పుస్తకంలో ఆ క్షణానికి సమయం రాసి లేదు.

బాపు లేచి నిలబడ్డాడు. "నవ్వకున్రి, ఆయన మాట నిజమే. బట్టకు కొలత తొడిగెటోడు చెప్తడు, కాళ్ళకు తట్టుకుంటదా లేదా దర్జీ చూడాలె. నేను చూడలె. రాళ్ళు పోసి చూసిన, గడ్డి పోసి చూడలె. ఇరవై రెండేండ్ల సంది రాళ్ళే పోసిన. అడిగినోనిది సగం, కట్టినోనిది సగం. ఎల్లయ్య బొక్క మాత్రం సగం ఇరగలె, మొత్తం ఇరిగింది."

ఎల్లయ్య నేల వైపు చూస్తున్నాడు. పెద్దాయన, "తప్పు ఒప్పుకున్నోని కాడికి ఇగ బండి ఎవడు తెస్తడు చారీ?" అన్నాడు. నెమ్మదిగానే అన్నాడు.

"కొత్తది తేకుంటె మానె" అన్నాడు బాపు. "నేను ఎత్తు పలకలు పెట్టినయి ఉన్నయి గదా, గవి తేవాలె. దించి ఇస్త. కూలి అడగ. ఏ బండ్లో నాకు యాదిలేదు, మా రాజు కాడ రాసి ఉంటది."

చిచ్చా అప్పటిదాకా వెనక నిలబడ్డాడు. ముందుకు వచ్చి బాపు పక్కన నిలబడి, "ఇనుప పట్టీలు నేను కొడ్త" అన్నాడు. ఇంటికి వచ్చాక సామాను లెక్కల నుంచి ఆ లారీల నంబర్లు ఏరి నేను గ్రాఫు పుస్తకం చివర రాస్తే, చూసి కబురు పంపడానికి చిచ్చా ఆ పుస్తకం తీసుకున్నాడు. తిరిగి ఇవ్వలేదు, నేనూ అడగలేదు.

ఇప్పుడు ఆ రోడ్డు నాలుగు వరసలైంది. బాడీలు కర్మాగారాల నుంచి ఇనుముతో కట్టుకునే వస్తున్నాయి. ఎంత ఒరిగితే పడుతుందో పడకముందే లెక్క కట్టే యంత్రాలున్నాయి. నుస్రత్ తన సెల్‌ఫోన్‌లో ఈ కాలపు బండ్లు కట్టే ఆట ఒకటి చూపించింది. గరిమనాభి ఎక్కడుందో దానిలో ఒక చిన్న ఎర్రచుక్క ముందే చూపిస్తుంది. మనిషి తొమ్మిదిసార్లు బోల్తా పడనక్కర్లేదు. మంచిదే. ఆ రోజుల్లో మా దగ్గర ఆ చుక్క లేదు. దాని బదులు ఒక రాళ్ళ కుప్ప, ఒక చెవి, ఒక తాడు ఉన్నాయి, వాటి మీద ఇరవై రెండేళ్ళ నమ్మకం ఉంది. తప్పు చేయని పరికరాలు ఇప్పుడు ఎక్కువ. తన పరికరమే తప్పని నలుగురిలో లేచి చెప్పడానికి పరికరమేదీ రాలేదు, వచ్చినట్టు నా కొలతల పుస్తకాలలో ఎక్కడా నమోదు కాలేదు. అంకెలనే నమ్మిన నేను రెండు వాక్యాలు దాచాను. అంకెలు చదవడం రానివాడు వాటిని బయటపెట్టాడు. ఈ ఒక్క విషయాన్ని మాత్రం కాగితం లేకుండానే నమ్ముతున్నాను.

మిగిలినది లెక్క. ఆ ఏడాది డిసెంబరు దాకా మా షెడ్డుకు వచ్చిన కొత్త బాడీ పని సున్నా; మరుసటి ఏడాది మొత్తం మీద అయిదు. సత్తిరెడ్డి లారీ కాక బాపు ఎత్తు పలకలు పెట్టినవి ఇరవై రెండు. ఇరవై రెండింటికీ కబురు పోయింది. వచ్చి పలకలు దించుకుపోయినవి పందొమ్మిది. వాటిలో తరువాత బోల్తా పడినది ఒక్కటీ లేదు. రానివి మూడు. ఆ మూడింటిలో ఒకటి పడింది.